గిటార్ వెనక్కి జరిగినప్పుడు

బళ్ళారి జిల్లా హచ్చొళ్ళి వైపు పల్లెల్లో నాటకమంటే హార్మోనియం పక్కన గొంతెత్తి పాడటమే. ఆ పాట విని పెరిగిన చెవికి రాక్ సంగీతంలోని జోరు పరాయిదనిపించదు. జోరుతోనే పేరు తెచ్చుకున్న బృందం మెత్తబడితే మాత్రం మనసు నొచ్చుకుంటుంది. అమెరికాలో డూబీ బ్రదర్స్ అభిమానులకు అదే ఎదురైంది.

1970లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పుట్టిన బ్యాండ్ అది. ఇద్దరు డ్రమ్మర్లు, టామ్ జాన్‌స్టన్ గరుకు గొంతు, అతని గిటార్. 1973 నాటి 'లాంగ్ ట్రెయిన్ రన్నిన్', 'చైనా గ్రోవ్' ఆ గిటార్ మీదే నడుస్తాయి. 1975లో పర్యటన మధ్య జాన్‌స్టన్ జబ్బుపడ్డాడు. స్టీలీ డాన్ అనే బ్యాండ్ నుంచి వచ్చి చేరిన జెఫ్ బాక్స్‌టర్, అక్కడ తనతో పనిచేసిన మైకేల్ మెక్‌డొనాల్డ్‌ను పిలిపించాడు. ఆపద్ధర్మంగా వచ్చినవాడు బ్యాండ్ నడకే మార్చేశాడు.

పాట బరువు గిటార్ నుంచి కీబోర్డు మీదికి మారింది. జాజ్, సోల్ సంగీతాల నుంచి చిక్కటి స్వరగుచ్ఛాలు (కార్డ్స్) వచ్చాయి. 'వాట్ ఎ ఫూల్ బిలీవ్స్'లో కీబోర్డు దెబ్బ మీద కన్నా దెబ్బల సందుల్లోనే ఎక్కువ పలుకుతుంది. వినడానికి ఎంత తేలికో, పాడబోతే అంత కష్టం! కెన్నీ లాగిన్స్‌తో కలిసి మెక్‌డొనాల్డ్ రాసిన ఈ పాట 1979లో అమెరికాలో మొదటి స్థానం చేరింది, మరుసటి ఏడాది రెండు పెద్ద గ్రామీ పురస్కారాలు గెలిచింది.

నష్టమూ ఉంది. బాక్స్‌టర్, డ్రమ్మర్ జాన్ హార్ట్‌మన్ 1979లోనే వెళ్ళిపోయారు.

జోరా, మెత్తదనమా అన్న ఈ పేచీ బళ్ళారికి కొత్తది కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకానికి పాటలూ పద్యాలూ అద్దితే, ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ రాగాలాపన తగ్గించి మాటకూ ముఖకవళికకూ చోటిచ్చారు. రాగాల కోసమే వచ్చి కూర్చున్న జనం ముందు అలా నటించడానికి గుండె కావాలి. గొంతు తగ్గించడం చేతకాక చేసే పని కాదని రాఘవ రుజువు చేశారు. డూబీ బ్రదర్స్‌కూ ఆ న్యాయమే దక్కాలి.

1982లో విడిపోయి, 1987లో మళ్ళీ కలిసిన ఆ బ్యాండ్, 2021లో తన యాభయ్యేళ్ళ పర్యటనకు జాన్‌స్టన్‌నూ మెక్‌డొనాల్డ్‌నూ ఒకే వేదిక ఎక్కించింది. ఏ పక్షమో తేల్చుకునే ముందు జాన్‌స్టన్ 'చైనా గ్రోవ్', మెక్‌డొనాల్డ్ 'మినిట్ బై మినిట్' వెంటవెంటనే వినండి. రెండోసారి గొంతులు వదిలేసి డ్రమ్స్ మీదే చెవి పెట్టండి.