ఎవరింట్లో వాళ్ళు వాయించినా

శక్తి సంగీత బృందం 1977లో ‘నేచురల్ ఎలిమెంట్స్’ ఇచ్చింది. దాని తర్వాతి స్టూడియో ఆల్బమ్ ‘దిస్ మొమెంట్’ వచ్చింది 2023 జూన్‌లో. నడుమ నలభై ఆరేళ్ళు. ఈలోగా కచేరీల రికార్డులు వచ్చాయి, మనుషులు మారారు, కొన్నాళ్ళు ‘రిమెంబర్ శక్తి’ అని పేరూ మారింది. తీరా కొత్తది చేసే వేళకు కరోనా. ఒక్కచోట కూర్చునే వీల్లేక ఎవరింట్లో వాళ్ళు వాయించి, ఆ ఫైళ్ళు ఒకరికొకరు పంపుకున్నారు. 2024 ఫిబ్రవరిలో ఆ ఆల్బమ్‌కు గ్రామీ కూడా వచ్చింది. నన్ను మాత్రం ఆ గ్రామీ కన్నా ఈ ఫైళ్ళ సంగతే ఎక్కువ సతాయిస్తోంది.

నేను కంజీర వాయిస్తాను. అదేం బతుకుతెరువు కాదు. దిండిగల్‌లో మా వీధి భజనల్లో, పెళ్ళిళ్ళలో, పిలిస్తే గుళ్ళో. కంజీర చేతిలో ఉన్నవాడికి వినడమే సగం పని. ఎదుటివాడి చెయ్యి ఎక్కడ వాలుతుందో ముందే పసిగట్టాలి. ఆ ఎదుటివాడే లేనప్పుడు, అతను పంపిన ఫైలు ఒక్కటే ఉన్నప్పుడు, ఆ పసిగట్టడం ఎట్లా?

శక్తిని రాక్ బ్యాండ్ అంటే మా భజన మండలిలోనే గొడవ. శక్తి గిటారిస్టు జాన్ మెక్లాలిన్ రాక్ వైపు నుంచి వచ్చినవాడేనని నా వాదన. మైల్స్ డేవిస్ దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ వాయించి, 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా పెట్టి, స్పీకర్లు పగిలే మోత మోగించినవాడు ఆయన. ఆ మోతలోంచి లేచి వచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని, అకూస్టిక్ గిటార్ పట్టుకుని జాకిర్ హుస్సేన్ తబలా పక్కన, ఎల్. శంకర్ వయొలిన్ పక్కన కూర్చున్నాడు. విక్కు వినాయక్‌రామ్ ఘటం, రామ్నాడ్ రాఘవన్ మృదంగం. 1975లో అమెరికాలో, లాంగ్ ఐలాండ్‌లోని ఒక కాలేజీలో చేసిన కచేరీయే వాళ్ళ మొదటి ఆల్బమ్ అయింది. వేగం రాక్‌ది, లెక్క మనది. నాకు అంత చాలు. ఒప్పుకోనివాళ్ళు ఒప్పుకోకపోయినా ఘటం మోత తగ్గదు.

ఆ ఘటం సంగతి మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. మదురై దాటి వైగై వెంబడి పోతే మానామదురై. అక్కడి కుమ్మరులు చెరువు మట్టిలో లోహపు పొడి కలిపి, లోపల ఒక చెయ్యి ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి చేసే ఘటాలు బరువు, గోడ మందం, నాదం కంచులాగా. దాని మీద వాయించే వేళ్ళు కాయలు కాస్తాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు శ్రుతి. వీణ బిరడా తిప్పుకోవచ్చు, మృదంగం వారు బిగించుకోవచ్చు. ఘటానికి ఆవంలో ఏ శ్రుతి వచ్చిందో ఆయుష్షంతా దాదాపు అదే. అందుకే ఘటం విద్వాంసుడు రెండు మూడు వెంట తెచ్చుకుంటాడు, కాదంటే తక్కినవాళ్ళే దాని దగ్గరికి రావాలి.

నా కంజీర ఇందుకు పూర్తిగా తలకిందులు. పనస చెక్క చట్రం, ఒక పక్కన చర్మం, గజ్జెల్లాగా మోగడానికి చిన్న బిళ్ళలు. పూర్వం ఉడుం చర్మం కట్టేవారు. ఉడుమును వన్యప్రాణి చట్టం కాపాడుతోంది గనక ఇప్పుడు మేక తోలో ప్లాస్టిక్కో. నీళ్ళు చల్లితే చర్మం వదులై శ్రుతి దిగుతుంది. ఆరేకొద్దీ మళ్ళీ ఎక్కుతుంది. ఎడమ చేతి వేళ్ళతో నొక్కుతూ ఆ జారుడును వాడుకోవాలి. ఒకటి లొంగదు, ఒకటి నిలబడదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక కచేరీ నడుస్తోందంటే అది పట్టువిడుపుల మీదే నడుస్తుంది. పైకి కనిపించే వేగం అంతా తర్వాతి మాట. శక్తిలో విక్కు వినాయక్‌రామ్ కూర్చున్న చోటికి తర్వాత ఆయన కొడుకు సెల్వగణేశ్ వచ్చాడు, ఎక్కువగా కంజీరతో. లొంగని తండ్రి వాద్యం పోయి నిలవని కొడుకు వాద్యం వచ్చిందన్నమాట. బృందం నడకే కొంచెం మారింది, వింటే తెలుస్తుంది.

రికార్డుతో పాటు వాయించి సాధన చేయనివాడు ఈ రోజుల్లో లేడు. ఫోన్ పెట్టుకుని నేనూ చేస్తాను. తప్పు వాయిస్తే ఫోన్ కసురుకోదు, అది మంచిదే. కానీ అది మన కోసం ఆగదు. తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో మృదంగం ఎనిమిది ఆవర్తనాలు వాయించి వదిలితే కంజీర ఎనిమిది వాయిస్తుంది. తర్వాత నాలుగు, రెండు, ఒకటి, అర. అట్లా కుదించుకుంటూ పోయి ఇద్దరూ కలిసి ముక్తాయింపు మీద పడాలి. అందులో మృదంగం ఆయన నా మొహం చూస్తాడు. నాకు దమ్ము చాలడం లేదని తెలిస్తే తేలికైన ముక్క వేస్తాడు, నేను ఉషారుగా ఉంటే ఒక ముడి వేసి వదులుతాడు. రికార్డులో ఉన్నవాడు ఎంత గొప్పవాడైనా నా మొహం చూడడు. నేనే ఎప్పుడూ వాడి వెంట నడవాలి.

ఇక ఫైళ్ళు పంపుకునే పద్ధతిలో మొదట వాయించినవాడి గతి ఏమిటి? వాడు చూడటానికి ఎవరి మొహమూ లేదు. తర్వాతివాడు ఏం చేస్తాడో ఊహించి, ఆ ఊహ కోసం జాగా వదలాలి. ‘దిస్ మొమెంట్’ వింటుంటే ఆ జాగాలు వదిలారని నాకు అనిపిస్తుంది. అది కంప్యూటర్ చేసిన పని అనుకోను. జాకిర్ తబలా ఎక్కడ ఊపిరి పీలుస్తుందో సెల్వగణేశ్‌కు పాతికేళ్ళ అలవాటు. మెక్లాలిన్ సెల్వగణేశ్‌తో కలిసి కొన్నక్కోల్ మీద, అంటే లయను నోటితో పలికే విద్య మీద, పాఠాల వీడియోనే చేశాడు. పలికే సొల్లు తెలిసినవాడికి చేతి కదలిక సగం కనబడుతుంది.

అయితే ఇది అందరికీ కుదిరే పని కాదు. మా జిల్లాలో రాజకంబళం వారి ఊళ్ళున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, మాలాగే. వాళ్ళు ఆడే దేవరాట్టం అనే నాట్యంలో పాట ఉండదు. తలపాగా, కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో రుమాళ్ళు. ముందర దేవదుందుభి అని వాళ్ళు పిలుచుకునే ఉరుమి. కుడి వైపు పుల్లతో కొడతారు, ఎడమ వైపు వంపు పుల్లతో రాస్తే మూలుగు లాంటి నాదం వస్తుంది. నిదానంగా మొదలై వేగం ఎక్కుతుంది. ఎప్పుడు ఎక్కాలన్నది ముందుగా రాసుకున్నది కాదు. ఉరుమి వాయించే పెద్దాయన ఒకరిని అడిగాను.

“మామా, మీరొక్కరే వాయించి ఫోన్లో పెట్టిస్తే పిల్లకాయలు దానికి ఆడరా?”

“ఆడతారు నాయనా, ఎందుకాడరు? అయితే నేను ఎవరి కాళ్ళు చూసి కొట్టేది?”

వీడియోలు పెట్టుకుని దేవరాట్టం నేర్పేవాళ్ళున్నారని ఆయనకూ తెలుసు. ఆయన బాధ ఆడేవాళ్ళ గురించి కాదు, వాయించేవాడి గురించి.

‘దిస్ మొమెంట్’లో మొదటి పాట ‘శ్రీనీస్ డ్రీమ్’. మాండలిన్ శ్రీనివాస్‌కు నివాళి. 1969లో పాలకొల్లులో పుట్టిన మన పిల్లవాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడితే ఈయన వాయించాడు. రెండేసి తీగల మాండలిన్‌ను అయిదు ఒంటి తీగలకు మార్చి, కరెంటు తగిలించి, గమకం పలికించాడు. కర్ణాటక కచేరీలో ఎలక్ట్రిక్ వాద్యమా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళే తర్వాత టికెట్ల కోసం వరస కట్టారు. 2014 సెప్టెంబర్‌లో, నలభై అయిదేళ్ళకే పోయాడు. మెక్లాలిన్ పక్కన కూర్చుని అంత తాపీగా, నవ్వుతూ వాయించినవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

ఆల్బమ్‌లో నేను ఎక్కువగా తిరిగి వినేది మాత్రం ఇంకొకటి, ‘గిరిరాజ్ సుధ’. బంగాళ రాగంలో త్యాగరాజ కీర్తన. ఇదే కీర్తన 2001లో వచ్చిన ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’లోనూ ఉంది. అప్పుడూ ఇప్పుడూ పాడింది శంకర్ మహదేవనే. అప్పుడు పక్కన శ్రీనివాస్ మాండలిన్, ఇప్పుడు గణేశ్ రాజగోపాలన్ వయొలిన్. రెండూ ఒకదాని వెంట ఒకటి వినండి. పాతది సభలో పుట్టింది. జనం కేకలున్నాయి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నట్టు ఉంటుంది. కొత్తది నున్నగా ఉంది, ప్రతి వాద్యమూ స్పష్టంగా వినిపిస్తుంది. ఏది మంచిదంటే పాతదే అంటాను. వయొలిన్ లోపం ఏమీ లేదు, ఆయన అద్భుతంగా వాయించాడు. కానీ ఎవరో ఒకరు గీత దాటబోయి, మరొకరు పట్టుకుని వెనక్కి లాగే క్షణం కొత్తదానిలో నాకు దొరకలేదు. ఎవరింట్లో వాళ్ళున్నప్పుడు గీత దాటితే పట్టుకునేవాడెవడు? ఎవరూ దాటలేదు మరి.

రాక్ బృందాల కష్టం వేరే ఉంది. కొత్త పాటలు చేయకపోతే ముసలివాళ్ళయ్యారంటారు, చేస్తే కచేరీలో పాతవే పాడమంటారు. రోలింగ్ స్టోన్స్ కూడా అదే 2023లో, సొంత పాటలతో పద్దెనిమిదేళ్ళకు ఒక ఆల్బమ్ తెచ్చారు. కీర్తన పుచ్చుకున్నవాడికి ఆ పీడ లేదు. రెండు వందల ఏళ్ళనాటి కీర్తనే పాడతాడు, వినేవాడు సంగతి ఎట్లా వేశాడని మాత్రమే చూస్తాడు. శక్తి ఈ రెండు గట్ల మధ్య కాలు పెట్టి నిలబడింది. నిలబడగలిగింది కూడా.

2024 డిసెంబర్‌లో జాకిర్ హుస్సేన్ పోయారు. దాంతో నా ఫిర్యాదు కొంత నోరు మూసుకుంది. ఫైళ్ళు పంపుకోకుండా, అందరూ ఒకచోట కూడేదాకా ఆగుదామని పట్టు పట్టి ఉంటే ఈ ఆల్బమ్ చేతికి వచ్చేదో లేదో.

మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్ళు కంజీరకు వస్తున్నారు. ఇద్దరికీ ఫోన్ సాధన బాగా అలవాటైంది. వాళ్ళను ఎదురెదురుగా కూర్చోబెట్టి, 2001 నాటి ‘గిరిరాజ్ సుధ’ పెట్టి తాళం వేయమంటున్నాను. పాట ఊపందుకున్నాక చెప్పకుండా ఆపేస్తాను. అక్కణ్ణుంచి వాళ్ళే నడపాలి. మొదట్లో ఇద్దరూ ఫోన్ వంక చూసేవాళ్ళు. ఇప్పుడు పెద్దవాడు చిన్నవాడి చెయ్యి చూస్తున్నాడు. చిన్నవాడు ఇంకా గోడ వంకే.