కిన్నెరకు కొత్త మెట్లు, కొత్త పికప్

పాత తీగ వాద్యాన్ని బాగుచేసి మైకు సభకు సిద్ధం చేయడంలో రెండు పనులున్నాయి. అరిగిన తీగలు, బిరడలు, మెట్లు మార్చడం మొదటిది. తీగ కదలికను విద్యుత్తుగా మార్చే పికప్ అమర్చడం రెండోది. పాత ఎలక్ట్రిక్ బాస్ గిటార్‌కు ఈ రెండూ వేరువేరుగా చేసుకోవచ్చు. దాని ఒళ్లు గట్టి చెక్క దిమ్మె కాబట్టి సభలో వినిపించేది చాలావరకు పికప్ పట్టిందే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో మోగే కిన్నెరకు ఆ వెసులుబాటు లేదు. దాని గొంతు సొరకాయ బుర్రల్లో ఉంది. ఏ భాగాన్ని కదిపినా ఆ గొంతు మారుతుంది. అందుకే కిన్నెరను కొత్తచేసే మనిషి ఏది మార్చాలో తేల్చుకునే ముందు, ఏది ముట్టుకోకూడదో తేల్చుకోవాలి.

కిన్నెర పాత వాద్యం. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో కిన్నరీ వీణ లఘ్వి, బృహతి అనే రకాలుగా కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉంది. పాలమూరులో దీన్ని డక్కలి కళాకారులు నిలబెట్టారు. పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథలు ఈ తీగల మీదే ఊరూరా తిరిగాయి. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. ఏడు మెట్ల కిన్నెర కూడా ఉంది గాని ఆయన చేతిలోది పన్నెండు మెట్లది. పక్కనే ఉన్న నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో అదే గౌరవం దక్కింది. ఒకే పాత పాలమూరు జిల్లాలోని రెండు బుర్ర వాద్యాలకు రెండేళ్ల తేడాతో పద్మశ్రీలు రావడం సంతోషించాల్సిన సంగతి. వాటిని మరమ్మతు చేసే చేతులు ఎన్ని మిగిలాయన్నది అంతకంటే ముఖ్యమైన సంగతి.

కిన్నెర ఒళ్లు మూడు వస్తువుల కూర్పు: వెదురు కర్ర, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, పైన తేనెమైనంలో నిలబెట్టిన మెట్లు. మెట్లకు ఒకప్పుడు ఎముక ముక్కలు, అలుగు పొలుసులు వాడేవారు. అలుగు ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. దాని పొలుసు కొనడం, అమ్మడం నేరం. కొత్త మెట్లకు ఇత్తడి రేకు గాని, పశువుల కొమ్ము ముక్క గాని సరిపోతుంది. ఇత్తడి స్వరాన్ని కాస్త మెరిపిస్తుంది, ఎక్కువ కాలం అరగదు. కొమ్ము స్వరాన్ని కొద్దిగా మెత్తబరుస్తుంది. కథ చెబుతూ వాయించే వాద్యానికి మాట స్పష్టంగా వినబడాలి కాబట్టి కొమ్మే నయమనిపిస్తుంది. తీగ రాపిడికి అది త్వరగా గాడి పడుతుందన్నది మాత్రం మనసులో పెట్టుకోవాలి.

మైనం విషయంలో తొందర పనికిరాదు. తేనెమైనం కరిగేది 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ మధ్య. మెత్తబడటం మాత్రం చాలా ముందే, శరీర వేడి దగ్గరే మొదలవుతుంది. మే నెలలో ఈ జిల్లాల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆటో వెనక సీటు మీదో, మూసిన కారులోనో పెట్టిన వాద్యం అంతకంటే వేడెక్కుతుంది. అప్పుడు మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం తప్పుతుంది. మైనంలో కొద్దిగా గుగ్గిలం కలిపి కాస్తే అది గట్టిపడుతుంది, ఎక్కువ కలిపితే పెళుసై పగుళ్లు వస్తాయి. ఈ బాధ పడలేక మెట్లను జిగురుతో శాశ్వతంగా అతికించేవారున్నారు. అది తప్పు. బాస్ గిటార్ మెట్లు కొలతతో గాడి కోసి కొట్టినవి. ఒక్కో మెట్టు మిగిలిన తీగ పొడవులో దాదాపు 17.8వ వంతు తగ్గిస్తుంది, పన్నెండో మెట్టు దగ్గర పొడవు సరిగ్గా సగమవుతుంది. కిన్నెర మెట్లు ఆ లెక్కకు కట్టుబడవు. పాడేవాడి గొంతును, కథ వరసను బట్టి వాటిని చెవితో సరిచేసుకుంటారు. సరస్వతీ వీణ 24 మెట్లు మైనం మీద నిలబడేది కూడా ఇందుకే. వేడి చేసి కదిపి మళ్లీ నిలిపే అవకాశాన్ని జిగురు శాశ్వతంగా మూసేస్తుంది.

తీగల దగ్గర ఆశ ఎక్కువ ప్రమాదం. పూర్వం వెంట్రుక, నరం వాడిన చోట ఇప్పుడు ఉక్కు తీగ వచ్చింది. లావు తీగ వేస్తే గంభీరంగా మోగుతుందన్న నమ్మకం ఉంది. అదే పొడవులో, అదే శ్రుతికి 0.25 మిల్లీమీటర్ల తీగ తీసి 0.30 వేస్తే బిగువు 44 శాతం పెరుగుతుంది, ఎందుకంటే బిగువు వ్యాసం వర్గంతో పాటు పెరుగుతుంది. బాస్ గిటార్ మెడలో ఇనుప కడ్డీ ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పి వంపు సరిచేస్తారు. వెదురు కర్రకు ఆ సాయం లేదు, వంగితే వంగినట్టే. అసలు తీగ ఎంత మందమో మైక్రోమీటరుతో కొలిచి అదే మందం వేయడం క్షేమం. బిరడలు జారుతుంటే సుద్దముక్క పొడి రాస్తే పట్టు వస్తుంది, బిగుసుకుంటే కొద్దిగా సబ్బు చాలు. గిటార్‌కు వాడే పళ్ల చక్రాల బిరడలు శ్రుతిని సులువు చేస్తాయి గాని బరువు కర్ర కొసన చేరుతుంది. భుజానికి ఆనించి నడుస్తూ వాయించే వాద్యానికి ఆ బరువు భారమే.

బుర్ర పగిలితే లోపలి వైపు నుంచి పలుచటి నూలు గుడ్డ, కట్టె జిగురు వేసి ఆరబెట్టాలి. పైన ఎంసీల్ పూసి దళసరి చేస్తే మోత మూగబోతుంది.

ఇక పికప్. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బాస్ అమ్మకానికి తెచ్చాడు. అయస్కాంతం చుట్టూ రాగితీగ చుట్టిన పికప్ అందులో గుండెకాయ. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదిలి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని కూడా ఆ చుట్ట పట్టేస్తుంది. 1957 నాటికి చుట్టను రెండుగా చీల్చి, ఒకదానికొకటి ఎదురుగా చుట్టి, అయస్కాంతాలనూ తిరగేసి అమర్చారు. తీగ శబ్దం కలుస్తుంది, గుయ్‌మనడం కొట్టుకుపోతుంది. పాత బాస్‌కు పికప్ మార్చేవారు చాలామంది కోరేది ఈ మౌనాన్నే. తెలుగువారిలో పాలకొల్లు యు. శ్రీనివాస్ ఇంకో దారి చూపాడు. నాలుగు జతల మాండలిన్ తీగలు తీసి ఐదు ఒంటి తీగలు వేసి, విద్యుత్ మాండలిన్‌తో కర్ణాటక సంగీతపు గమకాలు పలికించాడు. వాద్యాన్ని మార్చడం ద్రోహం కాదనడానికి ఆయన కచేరీలే సాక్ష్యం. ఆయన సంగీతానికి ఏం కావాలో ఆ మార్పు అదే ఇచ్చింది.

కిన్నెరకు అయస్కాంత పికప్ పెట్టొచ్చు, ఉక్కు తీగను అది పట్టుకుంటుంది. బుర్రలో పుట్టిన గాలి మోతను మాత్రం పట్టుకోదు, ఎందుకంటే సొరకాయకు అయస్కాంతంతో పని లేదు. ఫలితం పలుచటి గిటార్ స్వరం. కిన్నెరకు తగింది పీజో పికప్: ఇత్తడి బిళ్ల మీద పలుచటి పింగాణీ పొర. వాద్యం ఒళ్లు అదిరితే ఆ పొర నొక్కుకుని వోల్టేజి ఇస్తుంది. అలారం బజర్లలో ఉండే 27 మిల్లీమీటర్ల బిళ్ల కొద్ది రూపాయలకే దొరుకుతుంది. దాన్ని నేరుగా మిక్సర్‌కు తగిలిస్తే డబ్బా మోగినట్టుంటుంది. చాలామంది బిళ్లనే నిందిస్తారు. తప్పు దానిది కాదు. ఆ బిళ్ల దాదాపు 20 నానోఫారడ్ల కెపాసిటర్‌లా పనిచేస్తుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ నిరోధం 10 కిలో ఓమ్‌లైతే, 800 హెర్ట్జ్ కంటే కిందివన్నీ నీరసిస్తాయి. బుర్ర గంభీరత అంతా ఆ కిందే ఉంది. మధ్యలో ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ నిరోధం ఉన్న చిన్న బఫర్ సర్క్యూట్ పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. ఒక ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్, నాలుగైదు చిల్లర భాగాలు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ చాలు. పాలిటెక్నిక్ ఉన్న వనపర్తిలాంటి ఊళ్లో దీన్ని టంకం వేసి ఇవ్వగలిగేవారికి కొదవ ఉండదు.

బిళ్లను ఎక్కడ పెట్టాలన్నది చెవితో తేలాల్సిన మాట. బుర్ర పలుచటి గోడ మీద పెడితే మోత ఎక్కువ పడుతుంది, స్పీకర్ దగ్గరికి రాగానే కీచుమంటుంది. కర్ర మీద మెట్ల దగ్గర పెడితే వేలి తగులుళ్లే వినబడతాయి. పెద్ద బుర్ర కర్రకు కట్టిన చోటికి రెండు మూడు వేళ్ల దూరంలో, కర్ర అడుగున మొదలుపెట్టి అటూ ఇటూ జరుపుతూ వినాలి. అతికించడానికి తేనెమైనమే మేలు. యంత్రాల కంపనం కొలిచే ఇంజనీర్లు కూడా తమ సెన్సర్లను తేనెమైనంతోనే అతికిస్తారు, 40 డిగ్రీల దాకా. మెట్లు నిలిపిన మైనమే పికప్‌నూ నిలుపుతుంది, వద్దనుకున్నప్పుడు మచ్చ లేకుండా ఊడివస్తుంది. పికప్ కోసం బుర్రకు రంధ్రం చేయడం, ఎంత చిన్నదైనా, క్షమించరానిది.

వైరింగ్‌లో షీల్డు ఉన్న పలుచటి కేబుల్ వాడాలి. బిళ్ల నుంచి బఫర్ దాకా అది జానెడు మించకపోతే మంచిది. తీగలు కట్టిన కొసను ఒక సన్న రాగితీగతో షీల్డుకు కలిపితే, వాయించేవాడి చేయి తగిలినప్పుడల్లా వచ్చే గుయ్‌మనడం తగ్గుతుంది. జాక్‌ను వాద్యానికి బిగించకుండా కళాకారుడి నడుం పట్టీకి తగిలించాలి. సభలో ఎవరైనా కేబుల్ తొక్కినా లాగుడు వెదురు మీద పడదు. సౌండ్ ఆపరేటర్ మొదట 100 హెర్ట్జ్ కింద కోసి, ఆ తర్వాత కీచుమంటున్న ఒక్క చోటే తగ్గించాలి. సభ అయ్యాక బ్యాటరీ తీసి, వాద్యాన్ని ఎండ తగలని చోట, బుర్రల మీద బరువు పడకుండా వేలాడదీయాలి.