దారి తప్పిన నూనెచుక్క

పసిబిడ్డను కాళ్ళమీద పరుండబెట్టుకొని, ఒళ్ళంతా ఆముదం రాచి లాలపోయడం ఉదయగిరి, ఆత్మకూరు మెట్టపల్లెలవారికే గాక తెలుగువారందరికీ తెలిసినదే. ఆ మర్దనను తప్పుపట్టనక్కరలేదు. విమర్శింపవలసినవి దానివెంట వచ్చే రెండు పనులు: ముక్కులో నూనెచుక్కలు వేయడం, ఏడ్చే బిడ్డ ముక్కు మూసి గొంతులో ఆముదమో చేపనూనెయో పోయడం.

"తాతలనాటినుండి వేస్తున్నాము, ఏ బిడ్డా దగ్గనైనా లేదు" అని పెద్దల వాదం. ఆ దగ్గకపోవడంలోనే ప్రమాదమున్నది! శ్వాసనాళంలో నీరు పడితే బిడ్డ ఉక్కిరిబిక్కిరియై, దగ్గి, దానిని వెలికి నెట్టుతుంది. నూనె మెత్తనిది, చాలసార్లు దగ్గు పుట్టించకుండానే ఊపిరితిత్తుల లోతుకు జారిపోతుంది. అక్కడి భక్షకకణాలు దానిని మింగుతాయిగాని సులభంగా హరింపజాలవు. వంటనూనెలు కొంత నయం. ద్రవపారఫిన్ వంటి ఖనిజతైలం చిరకాలం నిలిచి, మెత్తని కండను గట్టిపరుస్తుంది. నెయ్యి, చేపనూనె విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారి తీవ్రమైన వాపు కలిగిస్తాయి. కడుపులో పుష్టినిచ్చేదే ఊపిరితిత్తిలో కటువైనదన్నమాట.

ఇది కొత్త సంగతి కాదు. ముక్కులో, గొంతులో నూనెమందులు వేసిన పిమ్మట వచ్చిన న్యుమోనియాను లాఫ్లెన్ 1925లోనే వర్ణించాడు. దక్షిణభారత శిశువులలో ఈ వ్యాధినిగూర్చి 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఒక వ్యాసం ప్రకటించింది. ఎక్స్‌రేలో ఇది మామూలు న్యుమోనియావలెనో, క్షయవలెనో కనిపించవచ్చు. సూక్ష్మజీవులను చంపే మందులు నూనెను కరిగించలేవు. నూనెను మందుగా ఎవరూ ఎంచరు గనుక, తల్లి ఆ మాట వైద్యునికి చెప్పదు. ఆయన అడగకపోతే అంతే.

ఆరోగ్యపాఠాల లోపం ఇక్కడే ఉన్నది. రేచీకటిని, అంధత్వాన్ని నివారించడానికి 1970లో మన దేశంలో విటమిన్ ఎ పంపిణీ ఆరంభమైనది. తొమ్మిదవ నెలలో 1 మిల్లీలీటరు, అనగా 1 లక్ష యూనిట్లు. తరువాత ఐదేండ్లవరకు ఆరు నెలలకొకసారి 2 మిల్లీలీటర్లు. దానిని మాన్పించడం మరొక పెద్ద తప్పు. కాని "ఎంత" అని నేర్పినంత శ్రద్ధగా "ఎట్లు" అని నేర్పడం అరుదు. బిడ్డను కూర్చుండబెట్టి, ఏడుపు మానిన తరువాత, కొద్దికొద్దిగా మ్రింగనీయవలెను. ముక్కు మూయరాదు. ముక్కులో ఏ నూనే పోయరాదు.

ఇదంతా తల్లులకు చెప్పవలసినదని ఉపాధ్యాయులు అనవచ్చు. తల్లి పొలానికి పోయిన ఇంట ఉగ్గుగిన్నె పట్టుకొనేది చాలసార్లు ఎనిమిదవ తరగతి చదివే అక్కే.