గడువెంత?

సత్యనారాయణపురంలో మా చిన్నప్పుడు వీడియో గేమ్ క్యాసెట్ ఎవరు కొన్నా వీధి అందరిదీ. అడుగున గట్టిగా ఊది పెట్టెలో గుచ్చితే ఆడేది. ఒక వేసవిలో నా క్యాసెట్ గుడివాడ వెళ్లి, మా పెద్దమ్మ కొడుకు చేతిలోంచి అతని స్నేహితుడికి మారి, దసరా నాటికి వేరే క్యాసెట్‌గా ఇంటికొచ్చింది. ఎరువివ్వడం, ఎరువు తెచ్చుకోవడం, వెంటపడి తిరిగి వసూలు చేసుకోవడం... మా స్నేహాలు సగం అక్కడే కుదిరాయి.

మొన్న సంక్రాంతికి చేతిలో పడ్డ డబ్బులతో మా మేనల్లుడు ఆన్‌లైన్‌ స్టోర్‌లో ఒక ఆట కొన్నాడు. ఆడటం అయిపోయాక గుడివాడ తమ్ముడికి పంపుదామనుకున్నాడు. పంపడానికి చేతిలో ఏమీ లేదు. "కొన్నాను కదా మావయ్యా, ఎందుకివ్వకూడదు?" అన్నాడు. ఇద్దరం కూర్చుని షరతులు చదివాం. వాడు కొన్నది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి. కావాలంటే స్టోర్ దాన్ని వెనక్కి తీసుకోనూవచ్చట.

మా నాన్న ఉయ్యూరు దగ్గర ఏళ్ల తరబడి కౌలు వ్యవసాయం చేసిన మనిషి. అంతా విని, "కౌలుకు తీసుకున్నాడన్నమాట. మరి గడువెంత?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నోటిమాట కౌలు ఎంతమందిని దెబ్బతీసిందో డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చిందీ, 2019 చట్టం 11 నెలల ఒప్పంద పత్రం అన్నదీ అందుకే. అమలు అంతంతమాత్రమే. అయినా గడువు కాగితం మీద ఉండాలని సర్కారు ఒప్పుకుంది. గేమ్ స్టోర్ బటన్ మీద మాత్రం 'కొనండి' అనే ఉంటుంది.

యంత్రం మన ఇంట్లోనే ఉన్నా తీరు మారదు. 2006లో సోనీ ప్లేస్టేషన్ 3 తెచ్చినప్పుడు అందులో లినక్స్ వేసుకునే వీలుంది. 2010 ఏప్రిల్ 1 నాటి అప్‌డేట్‌తో ఆ వీలు తీసేసింది. అప్‌డేట్ వద్దనుకుంటే ఆన్‌లైన్ ఆట వదులుకోవాలి. 2024 మార్చి 31న యుబిసాఫ్ట్ 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లు ఆపేసింది. డబ్బిచ్చి డిస్కు కొన్నవాళ్లకూ ఆట ఆగిపోయింది.

గట్టిగా అడిగితే వింటారు కూడా. ఎక్స్‌బాక్స్ వన్ రోజుకోసారైనా ఇంటర్నెట్‌కు కలవాలని, వాడిన డిస్కులు చేతులు మారడానికి హద్దులుంటాయని 2013లో మైక్రోసాఫ్ట్ అంటే ఆటగాళ్లు మండిపడ్డారు. జూన్ 19న కంపెనీ వెనక్కి తగ్గింది. కాలిఫోర్నియాలోనైతే 2025 జనవరి 1 నుంచి, అమ్ముతున్నది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనకూడదు. మన దగ్గరా అలాంటి చట్టం రావాలి. అద్దెను అద్దె అనాలి. స్టోర్ మూసేముందు దాచుకునే కాపీ ఇవ్వాలి.

2009లో హైదరాబాద్‌లో ప్లేస్టేషన్ 2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' తయారైంది. సర్వర్‌తో పని లేకుండా డిస్కు మీద వచ్చింది కాబట్టి, ఆ డిస్కూ పాత యంత్రమూ పాడవకుండా దాచుకున్న ఇంట్లో ఈ రోజుకీ ఆడుతుంది. రేపు మన పిల్లలు చేసే ఆటలకు అంత ఆయుష్షు ఉంటుందా అన్నదే నా బెంగ.

మేనల్లుడు ఈసారి నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి డిస్కే కొన్నాడు. పెట్టె లోపల పెన్నుతో పేరు రాసుకున్నాడు. ఆదివారం తమ్ముడొచ్చి దాన్ని గుడివాడ తీసుకెళ్తున్నాడు. నెల రోజుల్లో తిరిగివ్వాలని వాడికి ముందే చెప్పేశాడు.