‘నీరు’ అని పేరు పెడితే

2023 డిసెంబరులో మా తూత్తుకుడి జిల్లా కాయల్‌పట్టినంలో ఒక్క రోజులో దాదాపు 95 సెంటీమీటర్ల వాన కురిసింది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాల వాళ్లకీ, ఎట్టయాపురం చుట్టూ నల్లరేగడిలో పత్తి, మినుము వేసే రైతులకీ అలాంటి వానలు తెచ్చే ఈశాన్య ఋతుపవనాల కబురు ముందే అందాలి. ఆ కబురు లెక్కగట్టే జీఎఫ్‌ఎస్, డబ్ల్యూఆర్‌ఎఫ్ నమూనాలు చాలామటుకు ఫోర్ట్రాన్‌లో రాసినవే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు లెక్కలకు వాడే రోమ్స్ నమూనా కూడా అంతే. 1957లో ఐబీఎంలో జాన్ బాకస్ బృందం తయారుచేసిన కంప్యూటరు భాష ఫోర్ట్రాన్.

‘పైథాన్ ఉండగా ఈ ముసలి భాష ఎందుకండీ?’ అంటారు కుర్రాళ్లు. పైథాన్‌లో నమ్‌పై లైబ్రరీ సమీకరణాలు సాధించేటప్పుడు లోపల పనిచేసేవి లాప్యాక్ రొటీన్లు. అవి పుట్టింది ఫోర్ట్రాన్‌లోనే! పెద్ద పెద్ద అరేల మీద లెక్కలు వేగంగా నడిపించడంలో ఆ భాషకు ఇప్పటికీ దేనికీ తీసిపోని పేరుంది.

అలాగని నేను దాని భక్తుణ్ణి కాను. పాత ఫోర్ట్రాన్‌లో ఒక చిక్కు చూడండి. ఒక పేరులో ఏ రకం సంఖ్య ఉంటుందో చెప్పకుండా వదిలేస్తే, ఐ నుంచి ఎన్ వరకు ఉన్న ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ పూర్ణాంకాలే. వానకొలతను ‘వాన’ అనే పేరులో దాస్తే 7.6 అలాగే ఉంటుంది. ఎన్‌తో మొదలయ్యే ‘నీరు’ అనే పేరులో దాస్తే 7 మాత్రమే మిగులుతుంది. కంప్యూటరు కిక్కురుమనదు. పైన ‘ఇంప్లిసిట్ నన్’ అని ఒక్క లైను రాస్తే ఆ బెడద ఉండదు. ఈ అక్షరాల నియమం తెలియని మనిషి పాత కోడును పైథాన్‌లోకి మారిస్తే, ఆ పోయిన దశాంశం ఫలితంలో ఎందుకు తేడా తెస్తోందో అంతుపట్టదు.

పాత రాతను ఏమీ పోకుండా కొత్తదానిలోకి మార్చడానికి మా ఊళ్లో పెద్ద ఉదాహరణే ఉంది. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయాపురంలోనే ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చువేయించారు. స్వరాలతోపాటు కంపితం, జారు, నొక్కు వంటి గమకాలకు విడివిడిగా గుర్తులు పెట్టారు. తర్వాత మద్రాసు మ్యూజిక్ అకాడమీ దాన్ని తమిళ లిపిలో తెచ్చింది. లిపి మార్చినా నష్టం లేదు, గుర్తులు వదిలేస్తేనే రాగం బోసిపోతుంది. పాత పుస్తకం చదవగలిగినవాళ్లు ఉండబట్టే ఆ పని జరిగింది.

కోడు విషయంలో అలా చదవగలిగినవాళ్లు మిగలరేమోనని నా భయం. కొత్త ప్రాజెక్టును ఫోర్ట్రాన్‌లో మొదలుపెట్టమని నేననను, చాలా పనులకు పైథాన్, జూలియా చాలు. నడుస్తున్న వాతావరణ నమూనాను మాత్రం వయసు చూసి తీసెయ్యమనడం తెలివితక్కువ. ఇక్కడి ఇంజనీరింగు కాలేజీల మాస్టార్లకు ఒక్క మనవి. ఫోర్ట్రాన్‌లో రాయడం నేర్పకపోయినా ఫరవాలేదు. డబ్ల్యూఆర్‌ఎఫ్‌లోంచి ఒక ఫైలు తీసి, పిల్లల చేత చదివించండి.