‘బాగుంది’ – ‘బాగుంటుంది’: తెలుగు హోటలు సమీక్షా వీడియోలలో తీర్పు భాష

వ్యాససంగ్రహం: హోటలు భోజనాన్ని రుచిచూసి ఆ అనుభవాన్ని వీడియోగా పంచుకోవడం తెలుగులో ఇప్పుడొక విమర్శ ప్రక్రియగా స్థిరపడింది. ఆ ప్రక్రియలో తీర్పు చెప్పే భాషను, ముఖ్యంగా దాని క్రియారూపాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. క్రీడాభిరామాన్ని, శ్రీనాథుని పేర వినిపించే చాటువును పూర్వరంగంగాను, తిరువూరు వంటి పట్టణాన్ని పరీక్షాస్థలంగాను స్వీకరిస్తుంది.

కీలకపదాలు: ఆహార విమర్శ, క్రీడాభిరామం, తద్ధర్మార్థకం, తిరువూరు, సమీక్షా వీడియో.

ప్రవేశిక

కావ్యాన్ని అంచనా వేయడానికి మన ఆలంకారికులు వంటింటి మాటలనే అరువు తెచ్చుకున్నారు. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో రసస్వరూపాన్ని వివరించడానికి వ్యంజనాలతో కూడిన అన్నాన్ని ఆస్వాదించే మనిషినే ఉదాహరణగా చూపాడు. ద్రాక్షా, కదళీ, నారికేళ పాకాలు తెలుగు విమర్శలో నేటికీ వాడుకలో ఉన్నాయి. సాహిత్యానికి ఇన్ని మాటలు అప్పిచ్చిన రంగంలో, భోజనాన్ని గురించే మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రం ‘సూపర్’, ‘వేరే లెవెల్’, ‘అదిరిపోయింది’ అన్న మాటలే మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి.

దీనికి ఆంగ్లపదాలను నిందించడం తేలిక. ఆ నింద అంతగా నిలవదు. ‘అదిరిపోయింది’ అచ్చతెలుగు మాటే. అయినా అది ‘సూపర్’ కంటే ఎక్కువేమీ చెప్పదు. పదజాలానికీ కొరత లేదు. అన్నం పలుకుగా ఉందో చిమిడిందో, పప్పు అడుగంటిందో, చేప నీచు వాసన వేస్తోందో, వంకాయ కనరెక్కిందో, గారె గుల్లగా వచ్చిందో బిరుసెక్కిందో చెప్పగల మాటలు కృష్ణా, ఖమ్మం ప్రాంతాల ఇళ్ళలో రోజూ వినపడుతూనే ఉన్నాయి. ఇంట్లో కూర గురించి ఈ మాటలన్నీ వాడే మనిషి కెమెరా ముందు వాటిని ఎందుకు వదిలేస్తున్నాడన్నదే పరిశీలించవలసిన విషయం.

రూకకు ఏమి వచ్చింది?

తెలుగులో పూటకూటి సమీక్షకు పేరుపొందిన నమూనా క్రీడాభిరామంలో ఉంది. ఈ వీథిరూపకాన్ని వినుకొండ వల్లభరాయని రచనగా చెబుతారు; శ్రీనాథునిదని వాదించినవారూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ, చూసినదాన్నల్లా ఒకరికొకరు చెప్పుకుంటూ పోవడమే దీని నిర్మాణం. ఒకడు కెమెరా పట్టుకుని, మరొకడు మాట్లాడుతూ బజారు వెంట నడిచే నేటి వీడియోకు ఇది అంత దూరపు బంధువేమీ కాదు.

అందులో లక్ష్మణవజ్ఝల ఇంట దొరికే భోజనాన్ని వర్ణించే పద్యం ప్రసిద్ధం. ఓరుగల్లు సాంఘిక జీవనానికి సాక్ష్యంగా దాన్ని వాడుకోవడం పరిశోధకులకు అలవాటు. విమర్శగా చదివితే మరొక విశేషం బయటపడుతుంది. ఆ పద్యంలో మెచ్చుకోలు దాదాపు లేదు. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండివంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డలుగా తోడుకున్న కొత్త పెరుగు వరుసగా వస్తాయి. ఆపైన ఇంటివారి పేరు, చివర వెల. నెయ్యికి, పెరుగుకు తగిలించిన విశేషణాలు పొగడ్తలు కావు; వెళ్ళి సరిచూసుకోదగిన స్థితులు. రుచిని నేరుగా చెప్పే మాట ‘కమ్మని’ ఒక్కటే. అదీ పిండివంట దగ్గర మాత్రమే. ఎంత, ఎప్పటిది, ఎన్ని, ఎక్కడ, ఎంతకు అన్న ప్రశ్నలన్నింటికీ జవాబిచ్చాక తీర్పు చెప్పవలసిన అవసరం కవికి కనబడలేదు. రూక ఇచ్చి తిన్నవాడికే ఆ లెక్క తెలుస్తుంది.

ఈ లెక్కకు కొనసాగింపు కొంత అనుకోని చోట దొరుకుతుంది. హైదరాబాదు మాదాపూరులో రోడ్డు పక్కన అన్నం, కూరలు అమ్మే కుమారి ఆంటీ వీడియోల ద్వారా ప్రఖ్యాతి పొందింది. ఆమె పేరుతో జనం నోట నిలిచినది ఏ సమీక్షకుని పొగడ్తా కాదు. మొత్తం వెయ్యి అయిందని, రెండు లివర్లు అదనమని ఒక గిరాకీకి ఆమె స్వయంగా చెప్పిన లెక్క అది. తెలుగు ఆహార వీడియోలలో బహుశా అందరికంటే ఎక్కువమంది అనుకరించిన వాక్యం రుచిని గురించినది కాదు, బిల్లును గురించినది. దాన్ని హాస్యంగా తీసుకున్నవారే ఎక్కువ. కానీ సమీక్షకులు చెప్పకుండా వదిలిన సమాచారాన్ని వంట చేసినామె ఒక్క వాక్యంలో చెప్పేసింది: ఏమి తిన్నారు, ఎంత తిన్నారు, ఎంతయింది.

ఆ ప్రఖ్యాతికి వెల కూడా ఆమే చెల్లించవలసి వచ్చింది. 2024 జనవరి చివర జనం, వాహనాలు కిక్కిరియడంతో ట్రాఫిక్ పోలీసులు అమ్మకాన్ని ఆపించారు. ముఖ్యమంత్రి జోక్యంతో అదే చోట కొనసాగించుకునే వీలు కలిగింది. పొగడ్త వల్ల వంటవారికి నష్టం రాదన్న నమ్మకం అక్కడ తప్పింది. పొగిడినవారెవరూ ఆ రోడ్డు ఎంతమందిని మోయగలదో చెప్పలేదు.

క్రియలో సాక్ష్యం

హోటలు వీడియోలలో తీర్పు ఎక్కువగా ఒకే క్రియ మీద నడుస్తుంది. దాని రూపాలను వేరువేరుగా చూస్తే సమీక్షకుని అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది.

‘బాగుంది’ అన్నది ఈ ముద్దకు, ఈ పూటకు పరిమితమైన మాట. తిన్న ఎవరైనా అనవచ్చు. ‘బాగుంటుంది’ అన్నది తద్ధర్మార్థకం. పలుమార్లు తిన్నవాడే న్యాయంగా అనగల మాట అది. అదే రూపం భవిష్యత్తును కూడా సూచిస్తుంది కనుక వినేవానికి హామీగా కూడా పనిచేస్తుంది: నేను ఎన్నోసార్లు తిన్నాను, నువ్వు వెళ్ళినా ఇలాగే ఉంటుంది అని. ‘బాగుంటుందట’లో ‘అట’ చేరగానే సాక్ష్యం పరులదవుతుంది. చెప్పినవాని పూచీ తొలగిపోతుంది. ‘బాగానే ఉంది’లోని ‘ఏ’కారం సందర్భాన్ని బట్టి మెచ్చుకోలును సగానికి కోసేస్తుంది. తెలుగువాడు ఎవరినీ నొప్పించకుండా పెదవి విరవడానికి ఇంతకంటే చిన్న సాధనం దొరకదు.

ఊరూరూ తిరిగే సమీక్షకుడు ఒక హోటల్లో ఒక్క పూట తింటాడు. అతనికి న్యాయంగా చెల్లేది ‘బాగుంది’ ఒక్కటే. కానీ వీడియో ముగింపుకు వచ్చేసరికి అతని క్రియ మారుతుంది: ఇక్కడ బిర్యానీ చాలా బాగుంటుంది, తప్పకుండా రండి. ఒక పూట అనుభవం అలవాటుగా, అలవాటు హామీగా మారిపోయింది. ఈ జారుడు సాధారణంగా అబద్ధమాడాలన్న ఉద్దేశంతో జరగదు. హోటలువారు చెప్పిన మాటే అతని నోట వస్తుంది. అక్కడ ఉండవలసిన ‘అట’ మాత్రం రాలిపోతుంది.

డబ్బు తీసుకుని చెప్పే మాటల మీద చట్టం దృష్టి పడింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవారికి పది లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానాకు వీలు కల్పించింది. ప్రతిఫలం పొందిన విషయాన్ని స్పష్టంగా వెల్లడించాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు చెప్పాయి. ఇది అవసరమే. అయితే చట్టం డబ్బును, కానుకను, ఉచిత భోజనాన్ని పట్టుకోగలదు. రాలిపోయిన ‘అట’ను పట్టుకోలేదు. (తిండి పెట్టినామెను మాటలతో మెప్పించి ఆమె డబ్బు వేరేచోట ఖర్చుపెట్టుకున్న గిరీశం, పూటకూళ్ళమ్మ ఉదంతం కన్యాశుల్కం చదివినవారికి గుర్తురాక మానదు. తిన్నవాని వాక్చాతుర్యాన్ని, పెట్టినవారి నష్టాన్ని గురజాడ ఒకే చోట చూపాడు.)

తిరువూరు: సరిచూసుకోగల ప్రేక్షకుడు

విజయవాడ నుంచి మైలవరం మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారి మీద తిరువూరు ఉంది. 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి మారిన ఈ పట్టణానికి తెలంగాణ సరిహద్దు ఆనుకునే ఉంది. మామిడి తోటల ఈ మెట్ట ప్రాంతంలో డెల్టా వరి అన్నపు అలవాటు, ఖమ్మం వైపు కారపు పాళ్ళు కలుస్తాయి. ఇటువంటి దారి మీది ఊళ్ళలో హోటళ్ళు రెండు రకాల గిరాకీ మీద బతుకుతాయి: బస్సు దిగి పావుగంటలో తిని పోయేవారు, రోజూ అదే బల్ల దగ్గర కూర్చునేవారు. మొదటివారికి ‘బాగుంది’ చాలు. రెండోవారిది ‘బాగుంటుంది’.

నగరపు వీడియోకు, ఇటువంటి ఊరి వీడియోకు అసలు తేడా కెమెరాలోనో ఖర్చులోనో లేదు, చూసేవారిలో ఉంది. మాదాపూరు వీడియోను చూసే లక్షలమందిలో అధికులు అక్కడికి ఎన్నడూ వెళ్ళరు. వారికది వినోదం. తిరువూరు టిఫిను హోటలు మీద అదే ఊరి యువకుడు తీసిన వీడియోను చూసేవాడు మరునాడు పొద్దున్నే వెళ్ళి అట్టు తిని రాగలడు. సరిచూసుకోగల ప్రేక్షకుని ముందు పొగడ్త ఎంతో కాలం నిలవదు. మాట తప్పితే సమీక్షకుణ్ణి బజారులోనే నిలదీస్తారు. ఇంత గట్టి పూచీ ఉన్న చోట నుంచి మాట్లాడగలిగినవాడు కూడా, ఊరూరూ తిరిగేవాని పలకరింపును, ఉచ్ఛ్వాసాన్ని, కళ్ళు మూసుకుని తలూపడాన్ని అనుకరించడమే ఈ ప్రక్రియకు జరుగుతున్న పెద్ద నష్టం. ఇరవై ఏళ్ళుగా తింటున్న ఇడ్లీని మొదటిసారి రుచిచూస్తున్నట్టు నటించేవాడు తన దగ్గరున్న ఒకే ఒక అధికారాన్ని చేజేతులా పారేసుకుంటున్నాడు.

స్థానికుడు నోరు కట్టుకోవడానికి కారణం లేకపోలేదు. హోటలాయన ‘బాబాయ్’ అవుతాడు, వంటమనిషి పొరుగింటి ‘పిన్ని’ అవుతుంది. ఒక వీడియోలో ‘బాగాలేదు’ అంటే ఆ పొయ్యి మీద బతికే నాలుగు కుటుంబాల పొట్ట కొట్టినట్టే. ఈ సంకోచాన్ని పిరికితనమని కొట్టివేయడం సులభం. న్యాయం మాత్రం కాదు.

నింద తీరు

తెలుగు సంప్రదాయంలో తిండి మీద నిందకు లోటు లేదు. శ్రీనాథునికి ఆపాదించే ఒక ప్రసిద్ధ చాటువు సాక్షాత్తు కృష్ణునికే సవాలు విసురుతుంది. పూతన పాలు తాగానని, దావాగ్నిని మింగానని గర్వించడం కాదు, చింతచిగురు వేసిన ఉడుకు బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద దిగమింగి చూడమంటుంది. నవ్వించే నిందే. పదార్థాల పేర్లు, వాటి స్థితి కచ్చితంగా చెప్పడంలో క్రీడాభిరామ పద్యానికి తీసిపోదు. అయితే ఆ నోరు వరి అన్నానికి అలవాటుపడినది. జొన్న తినేవారి ఊరికి అతిథిగా వచ్చి, వారి నిత్యాహారాన్ని విషంతో, నిప్పుతో సమానం చేసి కవి దాటిపోయాడు. మర్నాడు ఆ ఊళ్ళో ఉండవలసిన అవసరం అతనికి లేదు. చింతచిగురు పప్పును ఇష్టంగా తినే మెట్టప్రాంతపు పాఠకునికి ఆ చాటువు నవ్వుతోపాటు కొంచెం చురకను కూడా మిగులుస్తుంది.

బాటసారి నింద ఇలా పూచీ లేకుండా పోయింది. నేటి బాటసారి పొగడ్తదీ అదే దారి. ఒకటి కవి చమత్కారం కోసం, మరొకటి వీక్షణల సంఖ్య కోసం. స్థానికునికి ఈ రెండూ తగవు. అతనికి పనికివచ్చే సాధనం వ్యాకరణంలోనే ఉంది. ‘బాగుంటుంది’కి వ్యతిరేకం ‘బాగుండదు’. ‘బాగుంది’కి వ్యతిరేకం ‘బాగాలేదు’. మొదటిది హోటలు మీద తీర్పు. రెండోది ఒక పూట మీద తీర్పు. ఈ రెంటినీ విడదీసి వాడే హక్కు పదిసార్లు తిన్నవానికే ఉంది. “ఇక్కడ సాంబారు ఎప్పుడూ చిక్కగా ఉంటుంది, ఇవాళ పలచబడింది” అన్న వాక్యంలో తద్ధర్మార్థకం వంటవాని పేరును కాపాడుతుంది, భూతకాలం ఆ పూట తప్పును పట్టిస్తుంది. ‘ఎప్పుడూ’ అనే మొదటి సగం లేకుండా రెండో సగం అన్నవాడు అన్యాయం చేసినట్టు. రెండో సగాన్ని మింగేసి మొదటి సగంతో ఆపినవాడు ప్రకటన చేసినట్టు.

ఇంటి భోజనాల దగ్గర ఈ వాక్యనిర్మాణం ఎవరికీ కొత్త కాదు. “ఎప్పుడూ ఇలా ఉండదు, ఇవాళేంటో ఉప్పెక్కువైంది” అని వడ్డించే ఇల్లాలే ముందుగా అంటుంది. వీడియోలో ఇదే మాట రావాలంటే ఒక్కసారి వెళ్ళి తీసిన చిత్రీకరణ సరిపోదు. అదే హోటలుకు పొద్దున టిఫినుకు, మధ్యాహ్నం భోజనానికి, మామిడికాయలు బజారుకు వచ్చిన రోజుల్లో పప్పు కోసం, ముసురులో మిరపకాయ బజ్జీల కోసం మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. నెయ్యి ఎప్పుడు కాచారో, నంజుళ్ళు ఎన్నో, ప్లేటు ఎంతో ప్రతిసారీ చెప్పాలి. బస్సు దిగి పావుగంటలో మళ్ళీ ఎక్కవలసినవానికి అది సాధ్యం కాదు. ఆ ఊళ్ళోనే ఉన్నవానికి రోజూ చేస్తున్న పనే.