బ్యాండు వేశాక మొదలయ్యే వైద్యం

సిర్రోసిస్ ఉన్న మనిషి నెత్తురు కక్కుకుంటే ఇంటిల్లిపాదీ హడలిపోయి ఆసుపత్రికి పరుగెత్తుతారు. అక్కడ ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో ఉబ్బి చిట్లిన సిరలకు రబ్బరు బ్యాండ్లు వేస్తారు. రక్తం ఆగుతుంది, కొద్దిరోజుల్లో ఇంటికి పంపిస్తారు, గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి గండం వాయిదా పడిందంతే. ఆపైన ఏ చికిత్సా అందని పదిమందిలో దాదాపు ఆరుగురికి ఏడాది రెండేళ్లలో మళ్లీ రక్తస్రావం అవుతుంది. సుమారు మూడోవంతు మంది ప్రాణాలు కోల్పోతారు. మొదటిసారి చెప్పకుండా వచ్చిన ఆపద రెండోసారి ముందే కబురు పెట్టి వస్తుంది. అయినా మన శ్రద్ధంతా ఆ అత్యవసర రాత్రి మీదే ఉంటుంది, తర్వాతి నెలల మీద ఉండదు.

సిర్రోసిస్‌లో కాలేయం మచ్చకట్టి గట్టిపడటంతో పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఇరుకవుతుంది. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, రక్తం పక్కదారులు వెతుక్కుంటుంది. అన్నవాహిక చివర ఉండే పలుచటి సిరలు అలాంటి పక్కదారే. పోర్టల్ సిరకూ కాలేయం నుంచి రక్తం బయటికి పోయే సిరకూ మధ్య మామూలుగా 5 మిల్లీమీటర్లు (పాదరసం) దాటని ఒత్తిడి తేడా 10కి చేరితే సిరలు ఉబ్బడం మొదలవుతుంది, 12కి చేరితే చిట్లే ప్రమాదం వస్తుంది. దాన్ని 12కి దిగువకు తెచ్చినా, ఉన్నదాంట్లో ఐదోవంతు తగ్గించినా మళ్లీ చిట్లే ముప్పు బాగా తగ్గుతుంది. బ్యాండు ఆ ఒత్తిడి జోలికే పోదు. చెరువు కట్టకు పడిన గండి పూడ్చి అలుగు మూసి ఉంచితే నీరు మరోచోట కట్ట తెంపినట్టే, ఒక సిరను మూసినా పక్కన మరొకటి ఉబ్బుతుంది.

ఆ ఒత్తిడి తగ్గించే పని ప్రొప్రనొలాల్ మాత్ర చేస్తుంది. 1960లలో శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ గుండెనొప్పి కోసం తయారుచేసిన మందిది. పారిస్ శివారు క్లిషీలోని బోజోన్ ఆసుపత్రికి చెందిన దిదియే లెబ్రెక్ బృందం 1981లో దీన్ని రక్తస్రావమైన సిర్రోసిస్ రోగులకు ఇచ్చి చూసింది. ఒంట్లో సత్తువ నిలిచి ఉన్న ఆ రోగుల్లో మాత్ర వేసుకున్నవారిలో 96 శాతం మంది ఏడాదిపాటు రక్తస్రావం లేకుండా గడిపారు. ఉత్తుత్తి మాత్ర అందినవారిలో సగం మందే అలా గడపగలిగారు. బ్యాండ్ల పద్ధతి ఆ దశాబ్దంలోనే డెన్వర్‌లో స్టీగ్‌మన్ అనే వైద్యుడి చేతుల్లో రూపుదిద్దుకుంది. తర్వాతి పరీక్షలన్నీ కలిపి చూస్తే, రెండూ కలిపితే విడివిడిగా కంటే మేలని తేలింది. కాలేయం బాగా దెబ్బతిన్నవారిలో, మాత్ర లేకుండా బ్యాండ్లతోనే సరిపెడితే మరణాలు పెరిగాయని 2017లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. అందుకే పోర్టల్ ఒత్తిడి చికిత్సపై బవేనో నిపుణుల బృందం ఇచ్చిన సిఫార్సులు రెండింటినీ జతగా చెబుతున్నాయి.

బీపీ తగ్గించే మందు నీరసంగా ఉన్న మనిషికి ఎలా ఇస్తారన్న అనుమానం న్యాయమైనదే. ఉబ్బసం ఉన్నవారికి ఇది పడదు. పొట్టలో నీరు చేరి పై బీపీ 90 కంటే పడిపోయినా, కిడ్నీలు దెబ్బతిన్నా మోతాదు తగ్గించాలి, లేదా ఆపాలి. కానీ ఇవన్నీ మాత్రను జాగ్రత్తగా వాడమని చెప్పే కారణాలు. అసలు మొదలుపెట్టవద్దని చెప్పవు. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి, నాడి నిమిషానికి 55 నుంచి 60 మధ్యకు వచ్చేదాకా మెల్లగా పెంచుతారు. కార్వెడిలాల్ కూడా ఇదే కోవలోనిది. మందు పడనివారికి, మాత్ర, బ్యాండ్లు రెండూ వాడినా రక్తం ఆగనివారికి కాలేయంలోనే కొత్త దారి వేసే టిప్స్ ఉంది. అయితే దాంతో కొందరికి మతి తడబడే ప్రమాదం ఉంటుంది. తాగేవాడికి ఎన్ని చేస్తే ఏం లాభమనేవారూ ఉన్నారు. ఈ జబ్బు తాగుడుతోనే రాదు. హెపటైటిస్ బి, సి, కాలేయంలో కొవ్వు కూడా కారణాలే. తాగుడు మానితే పోర్టల్ ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి, మాన్పించడం కూడా చికిత్సలో భాగమే, చికిత్స అందడానికి షరతు కాదు.

ఇక మిగిలింది పల్లె నుంచి పట్నానికి మళ్లీ మళ్లీ తిరగలేమనే ఇబ్బంది. అది నిజం. సిరలు పూర్తిగా మాసిపోయేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి బ్యాండింగ్, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి చూపించుకోవడం, ఆపైన ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ ఎండోస్కోపీ. కూలి పోగొట్టుకుని ఇన్నిసార్లు రావడం చిన్న విషయం కాదు. కానీ మాత్ర ఖరీదు స్వల్పం, నాడి చూడటం ఊళ్లో నర్సమ్మకు చేతనైన పని. రాలేని రోగిని తప్పుపట్టే ముందు, డిశ్చార్జి కాగితంలో మూడు సంగతులు రాశామా అని ఆసుపత్రి చూసుకోవాలి: తర్వాతి బ్యాండింగ్ తేదీ, రోజూ వేసుకోవాల్సిన మాత్ర, నెత్తురు వాంతయినా మలం తారులా నల్లబడినా వెంటనే రావాలన్న హెచ్చరిక. ఆ మూడూ లేని కాగితంతో ఇల్లు చేరిన మనిషికి సగం వైద్యమే అందింది.